కాటమరాన్‌లో వారం రోజులు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఫిబ్రవరిలో ఎనిమిది మంది స్నేహితులు కలిసి బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లోని టోర్టోలా దీవిలో 45 అడుగుల కాటమరాన్ (రెండు పొడుగాటి పడవలు జతకట్టినట్టుండే తెరచాప బోటు) అద్దెకు తీసుకుంటున్నామని, ఏం చూసుకోవాలో వివరంగా రాయమని అడిగావు. తెరచాప ఎత్తడం, దించడం మీలో ఇద్దరు క్లాసులో నేర్చుకున్నారు కనక దాని గురించి తక్కువే రాస్తాను. ఆ నీళ్లలో వారం పాడయ్యేది ఎక్కువగా గాలికి కాదురా. నీళ్ల ట్యాంకో, బ్యాటరీయో, టాయిలెట్టో మూడో రోజు మొరాయిస్తుంది. అప్పుడు స్నేహితుల మొహాలు మాడతాయి.

అన్నిటికంటే ముందు కాగితాలు. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ అమెరికాది కాదు, బ్రిటన్ కింద ఉన్న ప్రాంతం. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలంటే పాస్‌పోర్టులో గడువున్న వీసా స్టాంపు ఉండాలి. హెచ్-1బి మంజూరైందని ఇచ్చే ఐ-797 కాగితం ఒక్కటీ చూపిస్తే చాలదు. ఇంకో సంగతి: టోర్టోలా నుంచి చూస్తే సెయింట్ జాన్ దీవి చేతికందేంత దగ్గర్లో కనిపిస్తుంది. కానీ అది అమెరికాది. సరదాగా అటు తిప్పామంటే కుదరదు, ఇక్కడ బయటికి వెళ్తున్నట్టూ అక్కడ లోపలికి వస్తున్నట్టూ రాయించుకోవాలి. మీరు అటు పోవద్దు, ఈ పక్కనున్న దీవులే వారానికి ఎక్కువ.

సామాను గట్టి సూట్‌కేసుల్లో తేవద్దని అందరికీ ఇప్పుడే చెప్పు. బోటులో వాటిని పెట్టే చోటుండదు. మడిచి మంచం కింద తోసేయగల గుడ్డ సంచులు తెచ్చుకోమను. కిరాణా తెచ్చిన అట్టపెట్టెలు రేవులోనే ఖాళీ చేసి పారేయండి. బొద్దింక గుడ్లు ఎక్కువగా అట్టల మడతల్లోంచే లోపలికొస్తాయి. ఒకసారి చేరాయంటే ఆ వారంలో వాటిని వదిలించుకోలేరు.

ఇక నీళ్లు. ట్యాంకులో 700 లీటర్లు ఉన్నాయనుకో. ఇంట్లో లాగా షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఒక్కొక్కరికి 60 లీటర్లు పోతాయి. ఎనిమిది మంది ఒక్క సాయంత్రం స్నానం చేసేసరికి 480. అదే తలకి రోజుకి 15 లీటర్లు అనుకుంటే అయిదు రోజులు దాటి వస్తాయి. అందుకని స్నానం సముద్రంలోనే. సబ్బుబిళ్ల ఉప్పునీళ్లలో నురగ రాదు, షాంపూయో ద్రవం సబ్బో వాడాలి. బోటు వెనక మెట్ల దగ్గర చిన్న షవర్ గొట్టం ఉంటుంది, చివర్లో దానితో రెండు లీటర్లు పోసుకుని ఉప్పు కడుక్కుంటే చాలు. ఆ ఉప్పు మాత్రం తప్పనిసరిగా కడుక్కోవాలి. ఉప్పు తేమని లాగుతుంది కనక ఉప్పొళ్లతో పడుకుంటే దుప్పటి వారమంతా జిగటగానే ఉంటుంది, ఎంత ఎండలో వేసినా ఆరదు. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర మాత్రం మంచినీళ్లతో తొలవండి. రేవులో, నలుగురు ఆగిన చోట ఆ పని వద్దు. అక్కడి నీళ్లు ఎలాంటివో నీకే తెలుసు.

రెండు ట్యాంకులుంటే రెండింటి వాల్వులూ ఒకేసారి తెరవద్దు. ఒకటి అయ్యాక రెండోది తిప్పాలి. మొదటిది అయిపోవడమే మీకు హెచ్చరిక. ఎవరూ కుళాయి తిప్పకుండానే అడుగున నీళ్ల పంపు మోటారు గుర్రుమంటూ ఉంటే, ఎక్కడో లీకన్నా ఉంది, ట్యాంకన్నా ఖాళీ అయింది. వెంటనే ప్యానెల్ మీద స్విచ్ ఆపు. నీళ్లు లేకుండా తిరిగితే ఆ పంపు కాలిపోతుంది. తాగడానికి మాత్రం తలకి రోజుకి మూడు లీటర్ల లెక్కన వేరే క్యాన్లు కొనండి. ఎనిమిది మందికి వారానికి 168 లీటర్లు.

టాయిలెట్ గురించి సిగ్గుపడకుండా మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పు. కడుపులోంచి వచ్చింది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు. టిష్యూ కాగితం, వెంట్రుకలు, వెట్ వైప్స్ అన్నీ సంచిలోకే. మనవాళ్లకి మగ్గు అలవాటు కనక కాగితం గొడవ సగం తప్పుతుంది. ఒక్కో టాయిలెట్‌కి ఒక ప్లాస్టిక్ మగ్గు కొనుక్కెళ్లండి, వంద డాలర్ల పరికరం కంటే అదే నయం. కాకపోతే మగ్గు నీళ్లూ మలం ట్యాంకులోకే చేరతాయి, దొరికింది కదాని పోసేయకూడదు. చేతిపంపు రకమైతే పద్ధతి ఇది. మీటని తడివైపు పెట్టి నాలుగైదు సార్లు కొట్టి గిన్నె తడపాలి. పని అయ్యాక పదిహేను ఇరవై సార్లు నిదానంగా, పంపు పూర్తిగా పైకీ కిందకీ వెళ్లేలా కొట్టాలి. తర్వాత మీట పొడివైపు తిప్పి గిన్నె ఖాళీ అయ్యేదాకా కొట్టి, మీట అలాగే వదిలేయాలి. తడివైపే మర్చిపోతే సముద్రపు నీళ్లు మెల్లగా లోపలికి ఎక్కి, తెల్లారేసరికి గిన్నె పొంగిపోవచ్చు. పంపు గట్టిగా తగిలితే బలంగా నొక్కవద్దు, గొట్టం ఊడితే ఆ కంపు భరించేది మీరే. ట్యాంకు వదిలేది లంగరు వేసిన చోటా, ఈత కొట్టే చోటా కాదు. తీరానికి దూరంగా, కంపెనీ వాళ్లు చెప్పిన దూరంలో, బోటు నడుస్తుండగా వదలాలి. వదిలాక వాల్వు మూయడం మరవొద్దు.

కరెంటు సంగతి. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 50, 60 ఆంపియర్-అవర్లు తాగుతుంది, వేడి ప్రదేశంలో ఇంకా ఎక్కువ. బ్యాటరీలు లెడ్-యాసిడ్ రకమైతే సగానికి మించి దించకూడదు. లోడు లేనప్పుడు మీటరు 12.2 వోల్టులు చూపించిందంటే సగం అయిపోయినట్టే. ఉదయం గంట, సాయంత్రం గంట ఇంజిన్ నడపండి. సాయంత్రం గంట ఎలాగూ లంగరు చోటికి చేరేటప్పుడు నడుస్తుంది. ఇన్వర్టర్ మీద హెయిర్ డ్రయ్యర్, మిక్సీ పెట్టమని ఎవరో ఒకరు అడుగుతారు. వద్దను. చట్నీలు, పొడులు ఇంటి దగ్గరే చేయించుకుని తీసుకెళ్లండి.

వంట. బోటు మీద ప్రెషర్ కుక్కర్‌ని మించిన గిన్నె లేదు. గ్యాసు తక్కువ ఖర్చవుతుంది, బోటు ఊగినా మూత బిగిసే ఉంటుంది, వంటగది కూడా తక్కువ వేడెక్కుతుంది. అయిదు లీటర్లది మీరే తీసుకెళ్లండి, అక్కడ ఉండదు. రాత్రుళ్లు సగం ఒడ్డున తింటారనుకుంటే ఎనిమిది మందికి ఆరు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, రెండు లీటర్ల నూనె, నాలుగు కిలోల ఉల్లిపాయలు, అయిదు డజన్ల గుడ్లు సరిపోతాయి. టోర్టోలాలో రైట్‌వే అనే పెద్ద దుకాణంలో కూరగాయలు, పాలు, పెరుగు దొరుకుతాయి. కరివేపాకు, ఇంగువ, కారప్పొడులు మాత్రం ఇంటి నుంచే. ఎండబెట్టిన కరివేపాకు పట్టుకెళ్లి, దిగినప్పుడు ఇచ్చే ఫారంలో తిండి పదార్థాలు ఉన్నాయని నిజం రాయండి. ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టి జిప్ సంచిలో పెట్టండి, నూనె కారి తెల్లటి సోఫా మీద పడితే డిపాజిట్‌లో కోస్తారు.

పులిహోర పొద్దున్నే, లంగరు మీద బోటు నిలకడగా ఉన్నప్పుడే కలిపేసుకోవాలి. మధ్యాహ్నం నడి నీళ్లలో ఎవరూ పొయ్యి దగ్గరికి పోకుండా చల్లగా తినేయొచ్చు. బోటు కదులుతుండగా తిరగమోత వేయవద్దు, మరిగే నూనె కాళ్ల మీద పడుతుంది. గిన్నె ఏదైనా సగానికి మించి నింపకండి. గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకిపోదు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పని అయ్యాక ప్యానెల్ మీద గ్యాసు స్విచ్ ఆపి, సిలిండర్ దగ్గర కూడా కట్టేయాలి. వంట చేసినవాళ్లే కట్టాలని నియమం పెట్టు. చెత్త ఒక్క ముక్క కూడా సముద్రంలోకి వద్దు, మూత బిగించిన సంచుల్లో కట్టి రేవుకి తీసుకెళ్లండి.

ఇప్పుడు రాత్రి ఆగడం. అక్కడ చాలా చోట్ల బోయాలు (బోటు కట్టుకోడానికి నీళ్ల మీద తేలే బుడ్డలు) ఉంటాయి, కొన్ని ఆప్‌లో బుక్ చేసుకోవచ్చు, మిగతావి ముందొచ్చినవాళ్లవి. సీజన్‌లో మధ్యాహ్నం మూడు దాటితే ఏదీ మిగలదు, రెండింటికల్లా చేరిపోండి. గాలికి ఎదురుగా, నడిచేంత వేగంతో వెళ్లు. ముందు నిలబడ్డవాడు కొక్కెంకర్రతో బోయా తాడు అందుకుంటాడు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బోటు ముందు కుడివైపు క్లీట్ (తాడు చుట్టి కట్టే కొమ్ము) నుంచి తాడు తెచ్చి, బోయా తాడు చివరి ఉచ్చు, అంటే కంటిలోంచి దూర్చి, ఎడమ క్లీట్‌కి కడతారు. రాత్రంతా బోటు ఊగుతుంటే ఆ ఒక్క తాడు కంటిలో అటూ ఇటూ జారి ఒరుసుకుపోయి, తెల్లవారుజామున తెగుతుంది. కుడి తాడు కుడి క్లీట్ నుంచి వెళ్లి కుడి క్లీట్‌కే రావాలి, ఎడమది ఎడమకే. రెండు తాళ్లూ వేరువేరు.

బోయా లేకపోతే లంగరు. నీళ్ల లోతుకి బోటు ముందుభాగం ఎత్తు కలుపు. లోతు అయిదు మీటర్లు, ఎత్తు మీటరున్నర అయితే ఆరున్నర. పగటికి దానికి అయిదు రెట్లు, అంటే దాదాపు 33 మీటర్ల గొలుసు. రాత్రికి ఏడు రెట్లు, దాదాపు 46 మీటర్లు. ఇసకలోనే వేయాలి, గడ్డిలో పట్టదు, పగడాల మీద వేయడమే నేరం. లంగరు దించి, మెల్లగా వెనక్కి పోతూ గొలుసు పరిచి, చివర రివర్సులో ఇంజిన్ కొంచెం పెంచి అరనిమిషం లాగు. ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరసలో కనిపించేవి చూసుకుంటే, అవి విడిపోయాయంటే లంగరు జారుతున్నట్టు. తర్వాత ఈత కళ్లద్దాలు పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లి కొక్కెం ఇసకలో పాతుకుందో లేదో కంటితో చూడు. గొలుసు మోటారు తిప్పేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, అది వంద ఆంపియర్ల దాకా లాగుతుంది. వేళ్లు, కాలివేళ్లు దాని దగ్గరికి పోకూడదు.

డింగీ మోకు సంగతి మాత్రం రెండుసార్లు చదువు. వెనక కట్టుకుని లాక్కెళ్లే చిన్న పడవ తాడు పొడుగ్గా వదిలేసి, బోయా దగ్గర రివర్స్ వేస్తే అది ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. అక్కడ కళ్లారా చూసే ప్రమాదాల్లో ఇదే ముందు. రివర్స్ వేసే ముందు డింగీని దగ్గరికి లాగి పొట్టిగా కట్టే బాధ్యత ఒకడికి అప్పగించు. రాత్రి దాన్ని పైకెత్తి తాళం వేయండి. డింగీ నడిపేవాడు ఇంజిన్ ఆపే ఎర్రతాడు మణికట్టుకి తగిలించుకోవాలి. అది లేకుండా పడిపోతే పడవ ఆగకుండా గుండ్రంగా తిరుగుతూ వచ్చి వాడి మీదకే ఎక్కుతుంది. ఇంజిన్ పక్కనుంచి సన్నటి నీటిధార రావాలి, రాకపోతే ఆపేయి, చల్లదనం అందడం లేదు.

తెరచాప గురించి ఒక్కటే చెప్తా. కాటమరాన్ ఒరగదు. ఒరగదు కనక గాలి ఎక్కువైందని ఒంటికి తెలియదు, గాలిమీటరు చూసే నిర్ణయించాలి. గాలి వేగం 18 నాట్లు దాటుతుంటే తెరచాపకి మొదటి మడత వేసి చిన్నది చేసేయి. ఫిబ్రవరిలో తూర్పుగాలి 15, 20 నాట్లు మామూలే. ఉత్తరం నుంచి పెద్ద అలల వరస వచ్చే రోజులుంటాయి. అప్పుడు టోర్టోలాలోని కేన్ గార్డెన్ బే లాంటి, ఉత్తరం వైపు తెరుచుకున్న చిన్న అఖాతాల్లో రాత్రి నిద్రపట్టదు. వర్జిన్ గోర్డా దీవిలో ది బాత్స్ అనే బండరాళ్ల తీరం దగ్గర ఎర్రజెండా ఎగరేస్తే దిగొద్దు. మొదటిరోజు నార్మన్ దీవిలో ది బైట్ అనే అఖాతం చాలు, దగ్గర. అనెగాడా దీవికి వెళ్లాలనుకుంటే వర్జిన్ గోర్డాలోని నార్త్ సౌండ్ నుంచి పొద్దున్నే బయల్దేరండి. ఆ దీవి ఎత్తు తొమ్మిది మీటర్లు కూడా లేదు, దగ్గరికెళ్లేదాకా కనపడదు. చుట్టూ పగడపు దిబ్బలు. ఎండ నెత్తిన ఉన్నప్పుడే చేరాలి. గోధుమరంగు కనిపిస్తే పగడం, తప్పుకో.

వాంతులయ్యేవాళ్లు ముందురోజు రాత్రే మాత్ర వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. మన దగ్గర దొరికే స్టుజెరాన్ అమెరికాలో అమ్మరు, అక్కడ మెక్లిజిన్ దొరుకుతుంది. బీపీ మందులూ అవీ వాడేవాళ్లు డాక్టర్ని అడిగే వేసుకోమను. వికారం వచ్చినవాణ్ణి కింద గదిలో పడుకోబెట్టకు. పైన కూర్చోబెట్టి, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటు చూడమను, లేదా చుక్కాని చేతికివ్వు. చేతిలో పనుంటే సగం తగ్గుతుంది.

డబ్బు కోసం ఒక ఉమ్మడి సంచి పెట్టి, తలా ఇంత డాలర్లు ముందే వేయించు. వంట, గిన్నెలు, రాత్రి వాన వస్తే పైకిటికీలు మూసేవాడు ఎవరో రోజువారీ రాసి గోడకి అంటించు. మూడింటికి జల్లు పడినప్పుడు ఎవడో మూస్తాడులే అని ఎనిమిది మందీ పడుకుంటే ఎనిమిది పరుపులూ తడుస్తాయి. మందు తాగడం లంగరు పడ్డాకే. కెప్టెన్ ఒక్కడే, వాడు చెప్పింది ఒడ్డుకి వెళ్లాక వాదించుకోండి.

ఈత సంగతి చివర రాస్తున్నానని చిన్నదనుకోకు. మెట్లు దించకుండా అందరూ ఒకేసారి దూకవద్దు, ఎక్కడానికి దారుండదు. ఎవరైనా నీళ్లలో ఉంటే ఇంజిన్ ఆగి ఉండాలి, తాళం నీ జేబులో. వెనక ఇరవై మీటర్ల తాడు, చివర గాలిబుడ్డ కట్టి నీళ్లలో వదులు, ప్రవాహం లాక్కుపోతే పట్టుకోడానికి. ఎవరైనా నడుస్తున్న బోటు నుంచి పడితే ఒకడు వేలు వాడివైపే చూపిస్తూ కన్నార్పకుండా ఉండాలి, ఇంకొకడు గుండ్రటి తేలుబిళ్ల విసరాలి. ఇంజిన్ వేసే ముందు తాళ్లేవీ నీళ్లలో లేవని చూడు. వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపదలో పిలిచే 16వ ఛానెల్ ఎప్పుడూ తెరిచే ఉంచు. అది వాడటం కనీసం నలుగురికి నేర్పు, ఎందుకంటే పడేవాడు నువ్వే కావచ్చు.

మన కుర్రాళ్లలో ఈత రాదని చెప్పడానికి మొహమాటపడేవాళ్లు ఎక్కువ. ఒక్కొక్కరినీ విడిగా అడుగు. రానివాళ్లకి డింగీలో కూడా లైఫ్ జాకెట్ తప్పదు. వాళ్లెంతమందో తేలగానే నాకు రాయి, దాన్నిబట్టి ఏ రోజు ఎక్కడ ఆగాలో చెప్తాను.

మీ మావయ్య