మైక్రోగ్రిడ్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈఈఈ చివరి సంవత్సరం. పీజీలో మైక్రోగ్రిడ్ల డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ తీసుకుంటానంటోంది. అందరూ డేటా సైన్స్ వైపు వెళ్తుంటే ఇదేం పట్టుదల? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, సబ్జెక్టు పేరొక్కటే మారుతుంది. మీ టెన్షన్ మైక్రోగ్రిడ్ గురించి కాదు. నలుగురు నడిచే దారి వదిలితే పిల్ల వెనకబడిపోతుందేమోనని.

ముందు ఆమె చదవబోయేదేమిటో చూడండి. మైక్రోగ్రిడ్ అంటే ఒక ఊరికో క్యాంపస్‌కో సరిపడే చిన్న కరెంటు వ్యవస్థ. సోలార్ ప్యానెళ్లకు, బ్యాటరీలకు తగిలించిన ఇన్వర్టర్లన్నీ కలిసి ఒకే లోడు మోయాలి. ఎవరి వాటా ఎంత? డ్రూప్ పద్ధతిలో లోడు పెరిగేకొద్దీ ప్రతి ఇన్వర్టరూ తన ఫ్రీక్వెన్సీని కాస్త తగ్గించుకుంటుంది. నిలకడకొచ్చాక ఫ్రీక్వెన్సీ అన్నిచోట్లా ఒకటే కాబట్టి యాక్టివ్ పవర్ (నిజంగా పనిచేసే కరెంటు) పంపకం కుదురుతుంది. రియాక్టివ్ పవర్ (పని చేయకుండా అటూ ఇటూ ఊగుతూ వైర్లను వేడెక్కించేది) మాత్రం వోల్టేజిని బట్టి పంచుకుంటాయి. వోల్టేజి ఫ్రీక్వెన్సీలా కాదు, చోటును బట్టి మారుతుంది. ల్యాబులో ఒకేలాంటి రెండు ఇన్వర్టర్లను కలిపి, ఒకదానికి పొట్టి కేబుల్, ఇంకోదానికి పొడవాటిది పెడితే తెలిసిపోతుంది. సెట్టింగులు ఒకటే అయినా పొట్టి కేబుల్‌ది రియాక్టివ్ పవర్ ఎక్కువ మోస్తుంది, దాని హీట్‌సింకే (వేడిని బయటికి పంపే లోహపు రేకు) ముందు వేడెక్కుతుంది. పంపకం సరిచేయబోతే వోల్టేజి తప్పుతుంది, వోల్టేజిని పట్టుకుంటే పంపకం చెడుతుంది. పైనుంచి పెత్తనం చేసే కంట్రోలర్ లేకుండా, పక్కవాటితో మాత్రమే మాట్లాడుకుంటూ ఇన్వర్టర్లే ఈ పీటముడి విప్పుకోవాలి.

నాకు అనుమానం ఉన్నదల్లా దీనికి ఇప్పుడు తగిలిస్తున్న ఏఐ తోక మీద. పీఐ కంట్రోలర్ (తప్పును చూసి సరిదిద్దే పాతకాలపు మామూలు పద్ధతి) తీసేసి న్యూరల్ నెట్‌వర్క్ పెడతారు, మ్యాట్‌ల్యాబ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫు నున్నగా వస్తుంది, థీసిస్ అయిపోతుంది. ఆ సిమ్యులేషన్‌లో ఇన్వర్టర్ల మధ్య సందేశాలు ఆలస్యం కావు, ఒక్కటీ దారిలో పోదు. నిజంగా సందేశం ఆలస్యమైతే వోల్టేజి ఊగిసలాడుతుంది. ఎప్పుడూ చూడని లోడు వస్తే ఆ నెట్‌వర్క్ ఏం చేస్తుందో చేసినవాళ్లే చెప్పలేరు. ఏఐ పనికిరాదనడం లేదు. డ్రూప్ నేర్చుకోకుండా దాని జోలికి వెళ్లొద్దంటున్నాను.

ఇక మీ సంగతి. ఇక్కడ కుదించి వేసిన మీ పొడవాటి ఉత్తరంలో తోడల్లుడి కొడుకు జీతం అంకెతో సహా ఉంది. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క వాక్యం లేదు. పోలిక అడిగే ముందు అది కనుక్కోవలసింది కదండీ!

ఉద్యోగాలు డేటా సైన్స్‌లో ఉన్నన్ని ఉండవు, నిజమే. కానీ ఇన్వర్టర్ ఫర్మ్‌వేర్ (దాని లోపల నడిచే ప్రోగ్రాం), బ్యాటరీ స్టోరేజీ, గ్రిడ్ కనెక్షన్ పరీక్షలు, వీటన్నిటికీ ఈ చదువే కావాలి. మైక్రోగ్రిడ్ కంట్రోలర్లకు అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ పెట్టిన 2030.7-2017 అని ప్రమాణమే ఉంది. పైగా ఇందులో వాడే లీనియర్ ఆల్జీబ్రా, గ్రాఫ్ థియరీ డేటా సైన్స్‌కూ పనికొస్తాయి. మనసు మారితే అటు వెళ్లొచ్చు. అటునుంచి ఇటు రావడమే కష్టం. భయపడకండి.

ఒక్కటి మాత్రం చేరేముందు తేల్చుకోవాలి: చేరబోయే ల్యాబులో నిజం ఇన్వర్టర్లున్నాయా, సిమ్యులేషనేనా? గైడుకు మీరు ఫోన్ చేయకండి, అమ్మాయినే అడగనివ్వండి.