మాటలు చదివాకే పాట ఎందుకు వినపడింది?

ప్రశ్న: ఒక పాటలో ఒక లైను ఎన్నిసార్లు విన్నా నాకు అర్థమయ్యేది కాదు. ఈమధ్య దాని సాహిత్యం చదివి మళ్లీ వింటే ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. ఇప్పుడు ఆ పాత గజిబిజి వినాలన్నా వినపడటం లేదు! రికార్డింగ్ అదే, చెవులూ అవే, మరి మారిందేమిటి? యంత్రాలు కూడా ఇలా చేస్తాయా?

జవాబు: మీ చెవిలో పడ్డ శబ్దం మారలేదండీ, దాని మీద మెదడు వేసే అంచనా మారింది. వాయిద్యాల హోరులో మాట సగమే వినపడినప్పుడు ఆ సగానికి నాలుగైదు మాటలు సరిపోతాయి, వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవడానికి మెదడు తనకు ముందే తెలిసినదాన్ని వాడుకుంటుంది, అదీ మనకు చెప్పకుండా. మీరు చదివిన సాహిత్యం ఆ పోటీని ముగించేసింది, అంతే.

దీని మీద 1970లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వారెన్ చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. రికార్డు చేసిన వాక్యంలో ఒక మాటలోంచి ఒక ధ్వనిని పూర్తిగా కోసేసి, ఆ చోట దగ్గు అతికించాడు. విన్నవాళ్లలో దాదాపు ఎవరికీ ఏదీ పోయినట్టే అనిపించలేదు, మాట మొత్తం వినిపించిందన్నారు, దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. అదే దగ్గుకు బదులు నిశ్శబ్దం ఉంచితే మాత్రం ఖాళీ దొరికిపోయింది. ఎందుకంటే దగ్గు వెనకాల ఒక ధ్వని దాక్కోగలదు, నిశ్శబ్దం వెనకాల దాక్కోలేదు కదా! అంటే మెదడు ఇష్టమొచ్చినట్టు కల్పించడం లేదు, చెవికి అందిన సాక్ష్యం ఒప్పుకున్నంత మేరకే పూరిస్తోంది.

యంత్రాల సంగతికొస్తే, వాటికీ ఇదే ఇబ్బంది. ఉదాహరణకు గాలి వేగం కొలిచే డాప్లర్ రాడార్ తన వైపు గాని, తనకు దూరంగా గాని సెకనుకు 25 మీటర్ల వరకే తేల్చి చెప్పగలదనుకోండి. గాలి 30 మీటర్ల వేగంతో దూరంగా పోతుంటే, హద్దు దాటిన ఆ 5 మీటర్లు అవతలి చివర నుంచి లెక్కకొచ్చి, అది 20 మీటర్లతో ఎదురొస్తున్నట్టు చూపిస్తుంది, పూర్తిగా తలకిందులు! ఆ ఒక్క అంకెను ఎంతసేపు చూసినా నిజం తేలదు. పక్క చోట్ల గాలి ఎలా ఉంది, అదే ఎత్తులో వాతావరణ బెలూన్ ఏం కొలిచింది అని చూసి సరిచేస్తారు.

అయితే ముందే తెలియడం ఎప్పుడూ మేలు చేస్తుందనుకోకండి. వెనక్కి తిప్పి వేసిన రికార్డింగ్‌లో ఫలానా మాట ఉందని ఎవరైనా చెప్పి వినిపిస్తే, అక్కడ ఏ మాటా లేకపోయినా అదే వినపడుతుంది. అందుకే మసకగా ఉన్న ఫోన్ రికార్డింగ్‌లో ఎవరేమన్నారో తేల్చాల్సి వస్తే, కాగితం మీద రాసింది ముందు చూపించి తర్వాత వినిపించడం నా దృష్టిలో పెద్ద తప్పు. మీ పాట విషయంలోనూ అనుమానం ఉంటే సాహిత్యం చదవని వాళ్లెవరికైనా ఆ లైను వినిపించి, ఏం వినపడిందో రాయమనండి. మీరు మాత్రం పక్కన నిలబడి పాడకండి!