వీడియోలు అర్థమవుతున్నాయి, పరీక్షలో లెక్క రావట్లేదు అన్నదానికి

తొమ్మిదో తరగతి పాప ఖాన్ అకాడమీలో (ఉచితంగా పాఠాలు, అభ్యాసాలు ఇచ్చే వెబ్‌సైట్) బహుపదుల వీడియోలన్నీ చూసినా పరీక్షలో తెల్లమొహం వేస్తోందన్నారు కదండీ, మా వాడిదీ అచ్చం అదే కథ. చూస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, అదే చిక్కు.

క్రమం తిరగేయండి. ముందు ఆ సైట్‌లోనే ఉండే యూనిట్ టెస్ట్ పెట్టించి, తప్పుపోయిన వాటికే వీడియో చూడమనండి. ప్రతి లెక్క మొదలుపెట్టే ముందు "వస్తుంది" లేదా "డౌటు" అని నోటుబుక్కులో తనే రాసుకోవాలి, తర్వాత జవాబుతో పోల్చుకోవాలి; "వస్తుంది" అని రాసి తప్పు చేసినవే అసలు పట్టించుకోవాల్సినవి (మా వాడికి అలాంటివన్నీ కారణాంకాల్లో ప్లస్, మైనస్ గుర్తుల దగ్గరే తేలాయి). సైట్‌లో అభ్యాసం చేసేటప్పుడు హింట్ నొక్కితే ఆ లెక్క తప్పుకిందే లెక్క, కాబట్టి ముందు కాగితం మీద ఓ ఐదు నిమిషాలు తంటాలు పడనివ్వండి. మీరు మాత్రం పక్కన కూర్చోకండి.