పాఠకుల ప్రశ్నలు: ఒంటికి తొడుక్కునే ఈత సరంజామా

వేసవి శిబిరాలు మొదలయ్యాక ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఫిన్లు (పాదాలకు తొడిగే వెడల్పాటి రబ్బరు ఆకులు), పాడిల్స్ (అరచేతులకు కట్టే పలకలు), తేలే బెల్టుల గురించి అడిగినవే ఎక్కువ. ఒకే రకం సందేహాలను కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. మునగకుండా పాతిక మీటర్లు ఈదగలదు గానీ, కాళ్లు ఎంత ఆడించినా ముందుకు సాగడం లేదు. కోచ్ గారు ఫిన్లు కొనమన్నారు. కాళ్లు వాటికే అలవాటు పడిపోవా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: గంటల తరబడి అవే తొడుక్కుని ఈదితే మీ భయం నిజమవుతుంది. కొద్దిసేపు, ఒక పని కోసం వాడితే కాదు. ఆ పని ఏమిటో తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. నీటిని వెనక్కి తోస్తేనే మనిషి ముందుకు కదులుతాడు. పది కిలోల నీటిని సెకనుకు 2 మీటర్ల వేగంతో వెనక్కి తోసినా, ఇరవై కిలోల నీటిని సెకనుకు 1 మీటరు వేగంతో తోసినా శరీరానికి దక్కే ఊపు ఒక్కటే. కానీ మొదటి పద్ధతిలో నీటికి అప్పజెప్పిన శక్తి 20 జౌళ్లు, రెండో పద్ధతిలో 10 జౌళ్లు. అంటే ఎక్కువ నీటిని నెమ్మదిగా తోసినవాడికి అదే ఊపు సగం ఖర్చుతో వస్తుంది. వట్టి పాదం చిన్నది కాబట్టి కొద్ది నీటిని విసురుగా చిమ్ముతుంది. వెడల్పాటి ఫిన్ చాలా నీటిని నింపాదిగా జరుపుతుంది. కొలనులో కొత్తవాళ్ల కాళ్ల దగ్గర లేచే నురగంతా ఈ లెక్కలో వృథా పద్దు కిందకే వస్తుంది.

మీ అమ్మాయి విషయంలో నా అనుమానం చీలమండ మీద. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చోబెట్టి, కాలి వేళ్లను నేల వైపు వంచమని చెప్పి చూడండి. పాదం వంగక కొక్కెంలా నిలబడి ఉంటే, నీటిలోనూ అలాగే నిలబడి ముందుకు పోనివ్వకుండా అడ్డుపడుతుంది. పరుగు పందేలు ఆడే పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఫిన్ ఆకు మీద పడే నీటి ఒత్తిడి ఆ పాదాన్ని ప్రతి తాపుకూ సాగదీస్తుంది. పైగా మోకాళ్లను సైకిల్ తొక్కినట్టు మడిచే పిల్లలకు ఫిన్ వెంటనే బరువుగా తగిలి, కదలిక తుంటి దగ్గర మొదలు కావాలని ఏ మాటా చెప్పకుండానే నేర్పుతుంది.

ఆకు పొట్టిగా ఉండే రబ్బరు రకం తీసుకోండి. సముద్రంలో డైవింగ్ చేసేవారి పొడవాటి ఫిన్లు తాపు వేగాన్ని మరీ తగ్గించేస్తాయి కాబట్టి పిల్లలకు పనికిరావు. పాదం పెరుగుతుంది కదా అని ఒక సైజు పెద్దది కొనే మన అలవాటు ఇక్కడ చెల్లదు. వదులు ఫిన్ మడమ వెనక ఒరుసుకుని, అరగంటలో రూపాయి బిళ్లంత పొక్కు లేస్తుంది. గట్టు మీద కూర్చుని, పాదాన్నీ ఫిన్ లోపలి భాగాన్నీ తడిపి, ముందు వేళ్లు దూర్చి, తర్వాత మడమ పట్టీని పైకి లాగాలి. తొడుక్కున్నాక నడవక తప్పకపోతే వెనక్కి నడవాలి. ముందుకు నడిచితే ఆకు మడతపడి బోర్లా పడతారు. మొదట్లో రోజుకు పది నిమిషాలు చాలు. పిక్కలు పట్టేస్తే వెంటనే విప్పేయాలి. ఫిన్లు తీసిన వెంటనే వట్టి కాళ్లతో రెండు ల్యాప్‌లు తప్పకుండా ఈదించండి. పాదం కొత్తగా నేర్చుకున్న వంపును ఆ కొద్ది నిమిషాల్లోనే తనదిగా చేసుకుంటుంది.

ప్రశ్న: నా వయసు నలభై రెండు. వేగం కోసం అరచేతులకు పెద్ద సైజు పాడిల్స్ తగిలించుకుని నెల రోజులుగా ఫ్రీస్టైల్ ఈదుతున్నాను. వేగం పెరిగింది గానీ కుడి భుజం నొప్పి పెడుతోంది. పాడిల్స్ వల్లేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎక్కువగా వాటివల్లే అయి ఉంటుంది. మీకన్నా మూడు వందల ఏళ్ల ముందు ఇదే అనుభవం పొందిన వ్యక్తి ఒకరున్నారు. బోస్టన్‌లో 1706లో పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నతనంలో, చిత్రకారులు రంగులు కలుపుకునే పలకల వంటి రెండు కోలపాటి పలకలను చేసుకున్నాడు. పొడవు 10 అంగుళాలు, వెడల్పు 6 అంగుళాలు, బొటనవేలు దూరడానికి ఒక కన్నం. అంచును ముందుకు పెట్టి చేయి చాచి, వెడల్పు భాగంతో నీటిని వెనక్కి లాగేవాడు. వాటితో వేగంగానే ఈదాననీ, కానీ మణికట్లు అలసిపోయేవనీ పెద్దయ్యాక ఒక ఉత్తరంలో రాశాడు. పాదాలకూ చెప్పుల వంటివి కట్టుకుని చూశాడు గానీ అవి నచ్చలేదు. తాపులో కొంత పాదాల లోపలి వైపూ చీలమండలూ వేస్తాయనీ, పనంతా అరికాలిది కాదనీ ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. కరెంటు మీద ఆయన చేసిన ప్రయోగాల సంగతి అటుంచి, ఈ ఒక్క పరిశీలన కోసమైనా ఆయనను ఈతగాళ్లు తమవాడిగా చెప్పుకోవచ్చు. అమెరికాలోని అంతర్జాతీయ ఈత ప్రముఖుల మందిరం 1968లో ఆయనకు చోటిచ్చింది కూడా.

ఆయన మణికట్టుకు జరిగిందే మీ భుజానికి జరుగుతోంది. పలక పెద్దదైన కొద్దీ చేతికి నీరు గట్టిగా దొరుకుతుంది, కానీ ఆ గట్టితనమంతా ఎముకల మీదుగా పైకి పాకి ఏదో ఒక కీలు దగ్గర తేలాలి. ఫ్రీస్టైల్‌లో ఆ కీలు భుజం. ఒక కిలోమీటరు దూరానికి కొన్ని వందల బారలు పడతాయి. చేయి తల మీదుగా వెళ్లి నీటిలో దిగిన క్షణంలో, భుజం సందులోని స్నాయువులు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) ఎముకల మధ్య ఇరుకున పడే భంగిమలోనే ఆ అదనపు బరువు మోపినట్టవుతుంది. బొటనవేలు ముందుగా దిగేలా చేయి తిప్పి వేసే అలవాటు ఉంటే ఇరుకు మరింత పెరుగుతుంది.

రెండు వారాలు పాడిల్స్ పక్కన పెట్టండి. నొప్పి రాత్రి నిద్రలో లేపుతున్నా, చేయి పైకెత్తడం కష్టమవుతున్నా ఎముకల వైద్యుణ్ణి చూడాల్సిందే. తిరిగి మొదలుపెట్టినప్పుడు అరచేతి కన్నా వేలెడంత మాత్రమే పెద్దదైన జత తీసుకుని, మణికట్టు పట్టీని విప్పేసి, మధ్యవేలి పట్టీ ఒక్కటే ఉంచండి. చేయి వంకరగా దిగిన ప్రతిసారీ పలక జారిపోతుంది. కోపం వస్తుంది గానీ, గట్టు మీద అరిచే కోచ్ కన్నా అది ఓపికగా దిద్దుతుంది. వట్టి చేతులతో ఈదేటప్పుడు వేళ్లను బిగించి అతికించాల్సిన పని లేదు. మధ్యలో కాస్త సందున్నా నీరు జారిపోదు.

ప్రశ్న: మా నాన్న మోట బావిలో మునగబెండ్లు వీపుకు కట్టుకుని ఈత నేర్చుకున్నాడు. మనవడికీ అలాగే నేర్పుతానంటున్నాడు. మేమేమో చేతులకు గాలి బుడగలు కొన్నాం. ఏది మంచిది?
— ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: భంగిమ విషయంలో మీ నాన్నగారిదే పైచేయి. బెండ్లు గానీ, కొన్నిచోట్ల కట్టే ఎండు సొరబుర్ర గానీ వీపు మీద, నడుముకు కాస్త పైన ఉంటాయి. అందువల్ల నడుము పైకి లేచి, శరీరం నీటి మీద చాపలా పరుచుకుంటుంది. చేతులూ కాళ్లూ ఖాళీగా ఉండి బారలు వేయడం నేర్చుకుంటాయి. బిడ్డ ధైర్యం పెరిగిన కొద్దీ పెద్దలు ఒక్కో బెండు తీసేసేవారు. ఇంతకన్నా తెలివైన పాఠ్య ప్రణాళిక నాకు తెలియదు. చేతి బుడగలు భుజాలను మాత్రమే ఎత్తి పట్టుకోవడంతో కాళ్లు కిందికి దిగి, పిల్లవాడు నీటిలో నిలువుగా నిలబడతాడు. నిలువు భంగిమలో ఎవరూ ముందుకు ఈదలేరు.

అయితే బావి విషయంలో మాత్రం మీతోనే ఏకీభవిస్తాను. నడుముకు కట్టిన తాడు కొస పట్టుకుని గట్టు మీద ఒక మేనమామ, నీటిలో మరొకరు ఉండే ఆ రోజుల కాపలా ఇప్పుడు దొరకదు. లోతు తక్కువ కొలనులో, వీపు మీద వచ్చేలా తేలే బిళ్లలు గుచ్చి ఉండే బెల్టు కొనండి. బెండ్ల సూత్రమే అది, ఒక్కో బిళ్ల తీసేసే వీలు కూడా ఉంటుంది. బెల్టు ప్రాణరక్షక జాకెట్ కాదు. పెద్దవాళ్లు చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి.

ప్రశ్న: జిల్లా స్థాయి పోటీల్లో ఫిన్లు, గ్లవ్స్ వంటివి వాడవచ్చా? ఖరీదైన రేసింగ్ సూట్ కొంటే నిజంగా లాభముంటుందా?
— ఒక ఇంటర్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వాడకూడదు. 2023 దాకా ఫినా అని పిలిచిన ప్రపంచ ఆక్వాటిక్స్ సంస్థ నియమం ప్రకారం వేగాన్ని గానీ, తేలే గుణాన్ని గానీ, ఓర్పును గానీ పెంచే ఏ పరికరమూ పోటీలో ఒంటి మీద ఉండరాదు. కళ్లద్దాలకు అభ్యంతరం లేదు. ఫిన్లతోనే పోటీ పడాలనుకుంటే ఫిన్ స్విమ్మింగ్ అనే వేరే క్రీడ ఉంది. రెండు పాదాలూ ఒకే వెడల్పాటి తోకలో ఇమిడే మోనోఫిన్‌తో, ఊపిరి బిగబట్టి, మేటి పురుషులు 50 మీటర్లను 14 సెకన్ల లోపే దాటేస్తారు. అదే దూరానికి బ్రెజిల్ ఈతగాడు సీజర్ సియెలో వట్టి కాళ్లతో 2009లో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు పట్టిన సమయం 20.91 సెకన్లు. ఆ తోక భారం నడుము మీద పడుతుందన్నది వేరే చెప్పనక్కర్లేదు.

సూట్ల కథ కాస్త పెద్దది. ఫిన్లు, పాడిల్స్ నీటిని తోయడంలో సాయపడితే, సూట్ నీరు మనల్ని వెనక్కి లాగడాన్ని తగ్గిస్తుంది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం నాలుగింతలు, దాన్ని గెలవడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిదింతలు అవుతుంది కాబట్టి ఆ తగ్గింపు చిన్నదైనా విలువైనదే. పైగా దాని భారం ఏ కీలు మీదా పడదు. స్పీడో సంస్థ నాసా గాలి సొరంగంలో బట్టలను పరీక్షించి 2008లో తెచ్చిన ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ సూట్‌లో పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పలకలు ఉండేవి. అవి నీటిని పీల్చవు, శరీరాన్ని నున్నటి గొట్టంలా బిగిస్తాయి. మరుసటి ఏడాది ఇతర సంస్థలు అంతకన్నా ముందుకు పోయి పూర్తి పాలీయురేథేన్ సూట్లు తెచ్చాయి. ఆ ఏడు రోమ్ ప్రపంచ పోటీల్లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడు 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జర్మనీకి చెందిన పాల్ బీడెర్మన్ చేతిలో ఓడిపోయాడు. చివరికి 2010 జనవరి 1 నుంచి నేసిన బట్టే వాడాలనీ, మగవారికి నడుము నుంచి మోకాలి వరకు, ఆడవారికి భుజాల నుంచి మోకాలి వరకు మాత్రమే ఉండాలనీ నియమం వచ్చింది. ఆ సూట్ల బలం ఎంతటిదంటే, బీడెర్మన్ రోమ్‌లో 400 మీటర్లకు నెలకొల్పిన 3:40.07 రికార్డును జర్మనీకే చెందిన లూకాస్ మార్టెన్స్ 2025 ఏప్రిల్‌లో గానీ చెరపలేకపోయాడు, అదీ 0.11 సెకన్ల తేడాతో.

ఇక నీ సంగతి. ఇప్పటి బట్ట సూట్ ఇచ్చే లాభం ఆ రోజుల సూట్ల ముందు చాలా తక్కువ. గోడను తన్నిన తర్వాత చేతులు చెవుల వెనక్కి బిగించి, బాణంలా సాగడం ఇంకా కుదరకపోతే, ఖరీదైన సూట్ వేసుకున్నా ప్రతి మలుపులో అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటావు. ఆ డబ్బుతో ఇంకో మూడు నెలల కోచింగ్ తీసుకో.

ప్రశ్న: నడుముకో తొడలకో కట్టుకునే బ్యాటరీ మోటార్లు ఆన్‌లైన్‌లో చూశాను. కృష్ణా నదిలో వాడవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నదిలో వద్దు. బ్యాటరీ అయిపోయిన చోటు నుంచి మీరే ఈదుకుంటూ రావాలి, అదీ మోటారు బరువును మోస్తూ, ప్రవాహానికి ఎదురుగా. ఇసుక తవ్విన గుంతల దగ్గర లోతు ఒక్క అడుగులో మారిపోతుంది. మోటారు మిమ్మల్ని కిందికి లాక్కుపోతే చెవులు సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. విమానంలో తెచ్చుకోవాలనుకుంటే, 100 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తి కొలత) దాటిన లిథియం బ్యాటరీకి విమాన సంస్థ అనుమతి కావాలనీ, 160 దాటితే ప్రయాణికుల వెంట రానివ్వరనీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: ప్రమాదంలో మా తమ్ముడి కాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు ఈత కావాలంటున్నాడు. కృత్రిమ కాలుకు ఫిన్ బిగించవచ్చా?
— ఒక అన్న, రాజమహేంద్రవరం

జవాబు: బిగించవచ్చు. ఈత కోసం చేసే కాళ్లలో, లోపల గాలి నిలిచి కాలు పైకి తేలిపోకుండా నీరు వచ్చిపోయే రంధ్రాలు ఉంటాయి. నడిచేటప్పుడు పాదం నేలకు సమంగా, ఈదేటప్పుడు వేళ్లు కిందికి చాచినట్టుగా మార్చుకునే చీలమండ గొళ్లెం ఉంటుంది. ఆ పాదానికి ఫిన్ తొడుగుతారు. అయితే తాపు విసురంతా తీసేయగా మిగిలిన కాలి మొన మీద, తొడుగు అంచు దగ్గర పడుతుంది. చర్మం ఎర్రబడిందా, ఒరుసుకుందా అని ప్రతిసారీ చూసుకోవాలి. రోజూ నడిచే మామూలు కృత్రిమ కాలును, తయారుచేసినవారిని అడగకుండా కొలనులో దించవద్దు. లోహపు కీళ్లు, మరలు క్లోరిన్ నీటికి పాడవుతాయి.

కానీ మొదటి నెల ఏ కాలూ లేకుండానే ఈదమని నా సలహా. పారా ఈత పోటీల్లో కృత్రిమ అవయవాలు తీసేసే నీటిలో దిగాలి. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈది, భారత్‌కు తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. ఒక కాలు లేనప్పుడు శరీరం మొదట్లో పక్కకు ఒరుగుతుంది. తొడల మధ్య పుల్ బాయ్ (తేలే నురుగు దిమ్మ) పెట్టుకుని చేతులతోనే ఈదుతుంటే కొన్ని వారాల్లో నడుము ఆ ఒరుగుడును సర్దుకోవడం నేర్చుకుంటుంది. అసలు ఇబ్బంది నీటిలో కాదు, గట్టు మీద. తడి పలకల మీద ఊతకర్ర జారుతుంది కాబట్టి, నిచ్చెన పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి, కృత్రిమ కాలును పొడి తువ్వాలులో చుట్టి దాని మీద ఉంచండి. తమ్ముడు బయటికి వచ్చేటప్పుడు మీరు ఆ కుర్చీ దగ్గరే ఉండండి.