టెక్ సందేహాలు: నల్ పెట్టినా ఫంక్షన్ ఎందుకు నడుస్తోంది?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో మూడు, వేర్వేరు ప్రోగ్రామింగ్ భాషల గురించి అడిగినవే అయినా, ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. ఒక ఫంక్షన్‌ను పట్టుకున్న వేరియబుల్‌కు నల్ (‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ) ఇచ్చినప్పుడు అసలు ఏం పోతుంది, ఏం మిగులుతుంది అన్నదే ఆ చిక్కు. అందుకే మూడింటినీ ఒకేచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: జావాస్క్రిప్ట్‌లో చిన్న బిల్లింగ్ పేజీ తయారుచేస్తున్నాను. ‘కొత్త బిల్లు’ నొక్కితే ఒక డైలాగ్ తెరుచుకుంటుంది. అప్పుడే ఒక ఫంక్షన్ తయారుచేసి, అందులోని ‘సేవ్’ బటన్‌కు యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో (బటన్ నొక్కినప్పుడు నడవాల్సిన ఫంక్షన్‌ను, అంటే లిజనర్‌ను, నమోదు చేసే పిలుపుతో) తగిలిస్తున్నాను. డైలాగ్ మూసేటప్పుడు ఆ ఫంక్షన్ ఉన్న వేరియబుల్‌కు నల్ ఇస్తున్నాను. అయినా రెండోసారి తెరిచి సేవ్ నొక్కితే బిల్లు రెండుసార్లు, మూడోసారి మూడుసార్లు నమోదవుతోంది. నల్ పనిచేయడం లేదా? (కాకినాడ నుంచి ఒక బీటెక్ విద్యార్థిని)

జవాబు: నల్ తన పని తాను చేసింది. అయితే అది చేసే పని మీరు అనుకున్నదానికంటే చాలా చిన్నది. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ కూడా ఒక వస్తువే, వేరియబుల్‌లో ఉండేది ఆ వస్తువు ఎక్కడుందో చెప్పే రిఫరెన్స్ మాత్రమే. నోటుబుక్కులో ఒక చిరునామా కొట్టేస్తే ఆ ఇల్లు ఖాళీ కానట్టే, వేరియబుల్‌కు నల్ ఇచ్చినంత మాత్రాన ఫంక్షన్‌కు ఏమీ కాదు. అదే చిరునామా ఇంకెవరి దగ్గరైనా రాసి ఉంటే వాళ్లు దాన్ని ఎప్పటిలాగే పిలవగలరు.

మీ పేజీలో జరుగుతున్నది అడుగడుగునా చూద్దాం. డైలాగ్ మొదటిసారి తెరిచినప్పుడు ఒక ఫంక్షన్ పుట్టింది, దాని రిఫరెన్స్ మీ వేరియబుల్‌లో చేరింది. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌ను పిలవగానే అదే రిఫరెన్స్‌ను బటన్ తన లిజనర్ల జాబితాలో రాసుకుంది. అంటే ఇప్పుడు ఆ ఫంక్షన్‌ను పట్టుకున్నవాళ్లు ఇద్దరు. మూసేటప్పుడు మీరు ఖాళీ చేసింది మీ వేరియబుల్‌ను మాత్రమే, బటన్ జాబితా అలాగే ఉంది. రెండోసారి తెరిచినప్పుడు, రాత అక్షరం మారకపోయినా, కొత్త ఫంక్షన్ పుడుతుంది. ఒకే ఫంక్షన్‌ను అదే ఈవెంట్‌కు, అదే క్యాప్చర్ (ఈవెంట్‌ను ఏ దశలో అందుకోవాలో చెప్పే) విలువతో మళ్లీ తగిలిస్తే బ్రౌజర్ రెండోదాన్ని పట్టించుకోదు. కానీ ఇవి రెండు వేరు వేరు వస్తువులు కనుక జాబితాలో రెండూ ఉంటాయి. ఒక్క క్లిక్‌కు రెండు బిల్లులు పడడానికి కారణం ఇదే.

కాబట్టి మూసేటప్పుడు ముందుగా రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌ను అదే ఫంక్షన్‌తో పిలవాలి, నల్ ఇవ్వడం ఆ తరువాతే. ఈ వరుస తలకిందులైతే నష్టం జరుగుతుంది, ఎందుకంటే బటన్ జాబితాలోంచి ఆ ఫంక్షన్‌ను తీయడానికి మీ దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం ఆ వేరియబుల్. దానికి ముందే నల్ ఇచ్చి, ఆ నల్‌నే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కు అందిస్తే బ్రౌజర్ ఏ ఎర్రరూ చూపించదు, ఏ పనీ చేయదు. ఇంత నిశ్శబ్దంగా జరిగే పొరపాటును పట్టుకోవడం కష్టం. తీసేటప్పుడు అక్కడికక్కడే అదే యారో ఫంక్షన్‌ను మళ్లీ రాయడం, బైండ్ వాడి ఇవ్వడం కూడా ఇలాంటి తప్పులే, ఎందుకంటే ఆ రెండూ ప్రతిసారీ కొత్త ఫంక్షన్‌నే ఇస్తాయి.

మీ పేజీకి నేను సూచించేది ఇంకా సులువైన దారి. సేవ్ ఫంక్షన్‌ను డైలాగ్ తెరిచే కోడ్ బయట ఒక్కసారి రాసి, పేజీ మొదలైనప్పుడే బటన్‌కు తగిలించండి; ప్రస్తుతం ఏ బిల్లు నడుస్తోందో వేరే వేరియబుల్‌లో ఉంచండి. అప్పుడు తీయాల్సిన అవసరమే రాదు. ఒక్కసారి నడిచి తనంతట తానే తొలగిపోయేలా చేసే ‘వన్స్’ అనే ఐచ్ఛికం ఉన్నమాట నిజమే కానీ, వాడుకరి సేవ్ నొక్కకుండా డైలాగ్ మూసేస్తే పాత లిజనర్ అక్కడే ఉండిపోతుంది కనుక మీ సమస్య దానితో పూర్తిగా తీరదు. లిజనర్లు చాలా ఉంటే అబార్ట్‌కంట్రోలర్ ఇచ్చే సిగ్నల్‌ను వాటన్నిటికీ తగిలించి, మూసేటప్పుడు ఒక్క అబార్ట్ పిలుపుతో అన్నిటినీ తీసేయవచ్చు.

నల్ ఇస్తే చాలన్న నమ్మకం చాలామందికి ఆన్‌క్లిక్ వాడకం నుంచి వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. బటన్ ఆన్‌క్లిక్‌కు నల్ ఇస్తే క్లిక్ నిజంగానే ఆగిపోతుంది. అక్కడ మీరు ఖాళీ చేస్తున్నది మీ సొంత వేరియబుల్‌ను కాదు, బటన్‌కు ఉన్న ఒకే ఒక్క గడిని. ఇలాగే, నిర్ణీత వ్యవధికోసారి నడిపే సెట్‌ఇంటర్వల్‌కు ఇచ్చిన ఫంక్షన్‌ను ఆపాలంటే వేరియబుల్‌కు నల్ ఇచ్చి లాభం లేదు, అది తిరిగి ఇచ్చిన సంఖ్యతో క్లియర్‌ఇంటర్వల్‌ను పిలవాలి.

నా మాట మీద నమ్మకం ఉంచడమే కాకుండా మీరే చూసుకోండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సేవ్ బటన్‌ను ఎంచుకొని, కన్సోల్‌లో గెట్‌ఈవెంట్‌లిజనర్స్ అని రాసి బ్రాకెట్లలో డాలర్ గుర్తు, సున్నా ఇస్తే ఆ బటన్ జాబితా కనిపిస్తుంది. డైలాగ్‌ను మూడుసార్లు తెరిచి మూసి చూస్తే క్లిక్ కింద మూడు వరుసలు ఉంటాయి. ఒక్కో వరుస వెనుక, అది పుట్టినప్పటి బిల్లు వివరాలన్నీ క్లోజర్‌లో (ఫంక్షన్ తన వెంట పట్టుకొని ఉండే బయటి వేరియబుల్స్‌లో) చిక్కుకొని ఉండవచ్చు. బటన్ ఫంక్షన్‌ను పట్టుకొని ఉన్నంతకాలం, ఫంక్షన్ ఆ వివరాలను పట్టుకొని ఉన్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ (ఎవరూ వాడని మెమరీని విడుదల చేసే యంత్రాంగం) వాటి జోలికి రాదు. అదే బటన్‌ను పేజీ నుంచి తీసేసి, దాన్ని ఇంకెవరూ పట్టుకొని లేకపోతే మాత్రం బటన్, దాని జాబితా, అందులోని ఫంక్షన్లు అన్నీ కలిసే విడుదలవుతాయి. ఫంక్షన్ లోపలి స్థానిక వేరియబుల్స్‌కు చివర్లో నల్ ఇవ్వడం కూడా చాలా కోడ్‌లలో చూస్తుంటాను. ఏ క్లోజర్‌లోనూ చిక్కుకోకపోతే ఆ ఫంక్షన్ ముగియగానే అవి ఎలాగూ పోతాయి, వాటికి ఆ శ్రమ అక్కరలేదు.

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్‌లో ఒక క్లాసులో స్టాండర్డ్ లైబ్రరీ ‘ఫంక్షన్’ టైపుతో కాల్‌బ్యాక్ (తరువాత పిలవడానికి ఇచ్చే ఫంక్షన్) దాచుకున్నాను. పని అయిపోయాక ఆ కాల్‌బ్యాక్ లోపలి నుంచే దానికి నల్‌పాయింటర్ (ఈ భాషలో నల్) ఇస్తున్నాను. ఒక్కోసారి సరిగ్గా నడుస్తోంది, ఒక్కోసారి ప్రోగ్రామ్ కూలిపోతోంది. (హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీర్)

జవాబు: మీ సమస్య పై సమస్యకు సరిగ్గా తిరగేసినది. అక్కడ నల్ ఇచ్చినా ఫంక్షన్ పోలేదు, ఇక్కడ నిజంగానే పోతోంది.

మామూలు ఫంక్షన్ పాయింటర్ అయితే ఏ చిక్కూ లేదు. ఫంక్షన్ కోడ్ ప్రోగ్రామ్‌లో భాగంగా ఉంటుంది, పాయింటర్‌ను ఖాళీ చేస్తే విడుదలయ్యేది ఏమీ ఉండదు. ఆ ఖాళీ పాయింటర్‌ను తరువాత పిలిస్తే మాత్రం లినక్స్‌లో సాధారణంగా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (అనుమతి లేని మెమరీని తాకిన లోపంతో) ఆగిపోతుంది. 2011 ప్రమాణంతో వచ్చిన ‘ఫంక్షన్’ టైపు అలాంటిది కాదు. మీరిచ్చిన లాంబ్డాను (పేరు లేని ఫంక్షన్‌ను), అది పట్టుకున్న విలువలతో సహా, తన సొంతంగా ఉంచుకుంటుంది. దానికి నల్‌పాయింటర్ ఇస్తే ఆ లాంబ్డా నాశనమవుతుంది. ఆ పని లాంబ్డా నడుస్తూండగా దాని లోపలి నుంచే చేయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. ఆ తరువాతి వాక్యంలో పట్టుకున్న విలువను తాకితే ఏం జరుగుతుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. పట్టుకున్న విలువలు చిన్నవైతే అవి సాధారణంగా ఆ ‘ఫంక్షన్’ వస్తువు లోపలే ఉంటాయి, నాశనమయ్యాక కూడా పాత బైట్లు చెదరకుండా కనిపించవచ్చు. పెద్దవైతే హీప్‌లో (విడిగా కేటాయించిన మెమరీలో) ఉండి విడుదలైపోతాయి. మీకు ఒక్కోసారి నడిచి ఒక్కోసారి కూలడం వెనుక బహుశా ఇదే ఉంటుంది.

కాల్‌బ్యాక్‌ను పిలిచేచోటే మందు ఉంది. 2014 ప్రమాణంలో వచ్చిన ‘ఎక్స్ఛేంజ్’ వాడి, క్లాసులో దాచుకున్న ఫంక్షన్‌ను ఒక స్థానిక వేరియబుల్‌లోకి తెచ్చుకొని, దాని స్థానంలో నల్‌పాయింటర్ ఉంచి, ఆ స్థానిక వేరియబుల్‌ను పిలవండి. లాంబ్డా పని ముగిసేదాకా అది భద్రంగా ఉంటుంది. దీనిలో ఇంకో మేలు కూడా ఉంది. కాల్‌బ్యాక్ తన పనిలో భాగంగా తరువాతి దశకు కొత్త కాల్‌బ్యాక్‌ను నమోదు చేసిందనుకోండి. ముందు పిలిచి తరువాత ఖాళీ చేసే పద్ధతిలో ఆ కొత్తది కూడా తుడిచిపెట్టుకుపోతుంది, ముందే ఖాళీ చేసి పిలిస్తే అది నిలుస్తుంది. నేను సమీక్షించే కోడ్‌లో ఈ రెండో తప్పే ఎక్కువగా కనిపిస్తుంది.

ఖాళీ ‘ఫంక్షన్’ను పిలిస్తే బ్యాడ్ ఫంక్షన్ కాల్ అనే ఎక్సెప్షన్ వస్తుంది, కనుక ముందు ఇఫ్‌తో చూసుకోవాలి. రెండు థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఉంటే ఆ పరీక్ష ఒక్కటే చాలదు. మీరు చూసిన క్షణానికీ పిలిచే క్షణానికీ మధ్య రెండో థ్రెడ్ దాన్ని ఖాళీ చేయవచ్చు. మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) పట్టుకొని స్థానికంగా తెచ్చుకోండి, మ్యూటెక్స్ వదిలేశాకే పిలవండి.

ప్రశ్న: కోట్లిన్‌లో నల్ ఉంచుకోగల ఫంక్షన్ టైపు రాయాలి. చివర ప్రశ్నార్థకం పెట్టినా, నల్ ఇవ్వబోతే కంపైలర్ ఒప్పుకోవడం లేదు. (విజయవాడ నుంచి ఒక ఆండ్రాయిడ్ డెవలపర్)

జవాబు: టైపు మొత్తాన్ని బ్రాకెట్లలో ఉంచి, ప్రశ్నార్థకాన్ని ఆ బ్రాకెట్ బయట పెట్టండి. బ్రాకెట్లు లేకుండా యూనిట్ (చెప్పుకోదగ్గ విలువేమీ తిరిగి ఇవ్వని ఫంక్షన్‌కు రాసే టైపు) పక్కన పెడితే, ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువ నల్ కావచ్చని అర్థమే తప్ప ఫంక్షనే నల్ కావచ్చని కాదు. పిలిచేటప్పుడు ప్రశ్నార్థకం, చుక్క, ఇన్వోక్ అని రాస్తే ఉన్నప్పుడు నడుస్తుంది, లేనప్పుడు ఊరుకుంటుంది. మార్చగల ప్రాపర్టీని ఇఫ్‌తో పరీక్షించి నేరుగా పిలవబోతే, మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చని కంపైలర్ అభ్యంతరం చెబుతుంది. ముందు ఒక స్థానిక వాల్‌లోకి (మళ్లీ మార్చలేని వేరియబుల్‌లోకి) తెచ్చుకుంటే సరిపోతుంది. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం నల్ రిఫరెన్స్‌ను ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. కోట్లిన్ కంపైలర్ చూపే ఈ పట్టుదల ఆ పొరపాటు మళ్లీ జరగకుండా చూడడానికే కనుక, రెండు ఆశ్చర్యార్థకాలతో (‘ఇది నల్ కాదు’ అని బలవంతంగా చెప్పే గుర్తుతో) దాని నోరు నొక్కవద్దని మనవి.

మీ లాంబ్డా యాక్టివిటీలోని (యాప్‌లో ఒక తెరను నడిపే వస్తువులోని) దేన్నైనా వాడుతుంటే ఆ యాక్టివిటీని కూడా పట్టుకొని ఉంటుంది. సాధారణంగా ఫోన్‌ను అడ్డంగా తిప్పగానే కొత్త యాక్టివిటీ పుడుతుంది. ఎక్కువకాలం బతికే వస్తువులో పాత లాంబ్డా ఉండిపోతే పాత యాక్టివిటీ మెమరీలోంచి కదలదు. ఇక్కడ నల్ ఇవ్వడం తప్పనిసరి. కాల్‌బ్యాక్‌ను ఆన్‌స్టార్ట్‌లో ఇచ్చి ఉంటే ఆన్‌స్టాప్‌లో, ఫ్రాగ్మెంట్‌లో (తెరలోని ఒక భాగంలో) ఆన్‌క్రియేట్‌వ్యూలో ఇచ్చి ఉంటే ఆన్‌డిస్ట్రాయ్‌వ్యూలో, ఆ వస్తువు ప్రాపర్టీకే నల్ ఇవ్వండి.