రక్తపిశాచి, భేతాళుడు, గుప్తకూటం

సందేహం: వాంపైర్ గాథలను, అనుచరులను గుప్పిట పెట్టుకొనే కల్ట్ నాయకుల తీరును కలిపి చర్చించే ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. వాంపైర్‌ను కొందరు రక్తపిశాచి అంటున్నారు, కొందరు భేతాళుడు అంటున్నారు. ఏది సరైనది? అటువంటి నాయకుణ్ణి పీఠాధిపతి అనీ, అతని చుట్టూ అల్లుకొనే మిస్టిక్‌ను, అంటే అంతుపట్టని ఆకర్షణను, మహిమ అనీ రాయవచ్చునా?

సమాధానం: వాంపైర్‌కు రక్తపిశాచి అన్నదే తగిన మాట. పిశాచ శబ్దానికి పిశితాన్ని, అంటే మాంసాన్ని, తినేది అని సంప్రదాయజ్ఞులు వ్యుత్పత్తి చెబుతారు. దానికి ముందు రక్తశబ్దం చేరగానే ఆహారం మారిందన్న సంగతి ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది. ఇంతకంటే పాత మాట కావాలనుకొనేవారికి అమరకోశం రాక్షస పర్యాయాలలో అస్రప శబ్దాన్ని ఇచ్చింది. అస్రం అంటే నెత్తురు కనుక అస్రపుడు నెత్తురు తాగేవాడు. అర్థం చక్కగా సరిపోయినా, నేటి పాఠకుడు నిఘంటువు తీయక తప్పని మాటను అనువాదంలో వాడమని నేను చెప్పను. రక్తప అందామా అంటే, అదే కోశం ఆ మాటను జలగకు కేటాయించింది.

అయితే రక్తపిశాచి విషయంలో మీరు అడగని చిక్కు ఒకటి ఉంది. పిశాచి తెలుగులో అమహద్వాచకం, అంటే 'అది' అని చెప్పే మాట, కాబట్టి 'రక్తపిశాచి వచ్చింది' అంటాం. ఐరోపా గాథలలోని వాంపైర్ మాత్రం ఊరూ పేరూ లేని భూతం కాదు. నిన్నమొన్నటి దాకా అదే ఊళ్లో తిరిగి, చనిపోయి, పాతిపెట్టబడిన మనిషి. 1725లో, ఆనాడు హాబ్స్‌బర్గ్ ఏలుబడిలో ఉన్న సెర్బియాలోని కిసిల్యెవో గ్రామం నుంచి ఒక అధికారి పంపిన నివేదికలో, పేటర్ ప్లొగొయొవిట్జ్ అనే మృతుడు నిద్రలో తమ మీద పడి గొంతు నులిమాడని చెప్పి ఎనిమిది రోజులలో తొమ్మిదిమంది మరణించినట్లు ఉంది. గమనించండి, వారు చెప్పింది గొంతు నులమడం గురించే. సమాధి తవ్వినప్పుడు శవం నోట తాజా నెత్తురు కనిపించడంతో, అతడు చనిపోయినవారి రక్తం పీల్చాడన్న అభిప్రాయం దానికి తోడైంది. కుళ్లే శవం ఉబ్బి, లోపలి ద్రవాలు నోటి గుండా బయటికి రావడం సహజమని నేడు మనకు తెలుసు. 1732లో సైనిక వైద్యులు మెద్వేజ్యా గ్రామం గురించి ఇచ్చిన మరో నివేదిక అచ్చయిన తరువాత వాంపైర్ అన్న మాట జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లీషు పత్రికలలో పాకింది. చివరికి 1755లో మరియా థెరీసా మహారాణి తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ సలహా మీద ఇలా శవాలను తవ్వి తీయడాన్ని నిషేధించవలసి వచ్చింది.

కనుక జాతిని చెప్పేటప్పుడు 'రక్తపిశాచి సూర్యోదయానికి ముందే సమాధిలోకి వెళ్లిపోతుంది' అని అమహత్తుగాను, ఫలానా మృతుణ్ణి గురించి చెప్పేటప్పుడు 'రక్తపిశాచిగా మారిన పేటర్ వచ్చాడు' అని మహత్తుగాను రాయాలి. పంతొమ్మిదో శతాబ్దపు నవలలలో వాంపైర్ కోట, పరివారం గల ప్రభువుగా మారిన తరువాత 'వచ్చింది' అనడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక భేతాళుడు. ఈ గందరగోళానికి తెలుగువారు కర్తలు కారు. 1870లో రిచర్డ్ బర్టన్ విక్రమార్కుని భేతాళ కథలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు భేతాళుణ్ణి వాంపైర్ అన్నాడు. మనవారు ఆ సమీకరణాన్నే తిరగేసి దిగుమతి చేసుకొన్నారు. భేతాళుడి సంస్కృత రూపమైన వేతాలుడు శవాన్ని ఆవేశించే భూతం. వాంపైర్ తన శవంలోనే బతుకుతాడు, వేతాలుడు పరుల శవంలో కాపురం పెడతాడు. పైగా ఈ కథలలోని భేతాళుడు ఎవరి రక్తమూ పీల్చడు, చిక్కుప్రశ్నలు వేస్తాడు. మీ వ్యాసానికి ఇంతకన్నా ముఖ్యమైనది కథ చివర ఉంది. రోజూ సభకు వచ్చి రత్నాలు దాచిన పళ్లు ఇచ్చి, రాజు కృతజ్ఞతను కొనుక్కొని, శవాన్ని శ్మశానానికి మోయించి, చివరికి ఆ రాజునే బలి ఇచ్చి విద్యాధరాధిపత్యం సంపాదించాలని చూసినవాడు క్షాంతిశీలుడనే భిక్షువు. ఆ కుట్రను బయటపెట్టి రాజును కాపాడినవాడు భేతాళుడు. మీరు వాంపైర్‌ను భేతాళుడంటే హెచ్చరించినవాడికే నేరం అంటగట్టినట్లవుతుంది. మీ కల్ట్ నాయకుడికి పూర్వరూపం కావాలంటే ఆ భిక్షువును చూడండి.

పీఠాధిపతి అన్న మాట కూడదు. పీఠానికి గురుపరంపర ఉంటుంది, తనకు ముందు ఎవరున్నారో, తరువాత ఎవరు వస్తారో చెప్పగలిగే క్రమం ఉంటుంది. కల్ట్ ఎక్కువగా ఒక్క మనిషితో మొదలై అతని చుట్టూనే తిరుగుతుంది. నేను కల్ట్‌ను గుప్తకూటం, దాని అధిపతిని గుప్తకూట నాయకుడు అంటాను. రహస్యం అంటే ఏకాంతంలో చెప్పదగినది, గూఢం అంటే దాగినది, గుప్తం అంటే కాపలా కాయబడినది. 1978 నవంబరులో దక్షిణ అమెరికాలోని గయానా అడవులలో జిమ్ జోన్స్ అనే కల్ట్ నాయకుడు నెలకొల్పిన జోన్స్‌టౌన్‌లో తొమ్మిది వందలకు పైగా ప్రాణాలు పోయాయి; అక్కడివారి ఉత్తరాలను ముందుగా చదివేవారు, పాస్‌పోర్టులను నాయకత్వమే అట్టేపెట్టుకొన్నది. ఈ కాపలాను గుప్త శబ్దమే పట్టి చూపుతుంది. కూటం తెలుగులో సమావేశం. సంస్కృతంలో కూటశబ్దానికి మోసమన్న అర్థం కూడా ఉందని కూటసాక్షి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ రెండో అర్థం వినిపించినా మీ వ్యాసానికి నష్టం లేదు.

మహిమ అన్నది నాయకుడిలో నిజంగా గొప్పతనం ఉందని ఒప్పుకొనే మాట. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వేబర్ కరిస్మా, అంటే నాయకుడి అసాధారణ ఆకర్షణశక్తి, గురించి రాసినప్పుడు, ఆ గుణం నిలిచేది అనుచరులు దానిని గుర్తించినంత కాలమేనన్నాడు. కాబట్టి 'మహిమ గలవాడు' అనక 'మహిమ ఉందని నమ్మించినవాడు' అనాలి. మిస్టిక్ వేరు. దాని గ్రీకు మూలానికి కళ్లో పెదవులో మూసుకోవడమని అర్థం. తెలుగులో దీనికి నేను మర్మం అన్న మాటను ఎంచుకొంటాను, ఎందుకంటే సంస్కృతంలో మర్మం మొదట శరీరంలోని ఆయువుపట్టు, సుశ్రుతుడు నూట ఏడుగా లెక్కించినది. తెలియనంత కాలం ఆ నాయకుణ్ణి నిలబెట్టేది, తెలిసిన మరునాడు కూల్చేది కూడా అదే కదా. మార్మికత అనకండి, కవిత్వ విమర్శలో ఆ మాటకు గౌరవప్రదమైన వేరే పని ఉంది.

నాయకుణ్ణి నేరుగా రక్తపిశాచి అనడం తప్పు కాదు గాని, వ్యాసంలో అసలు రక్తపిశాచులు కూడా ఉన్నందున పాఠకుడు తికమకపడతాడు. అక్కడ నామవాచకాన్ని వదిలి క్రియను పట్టుకోండి: 'అనుచరులను పీల్చి పిప్పిచేశాడు' అంటే చాలు.