సోమవారం దేవుణ్ణి మర్చిపోతున్నాను అన్న సిస్టర్‌కి

వందనాలు సిస్టర్. ఆదివారం మందిరంలో ప్రభువు పక్కనే ఉన్నట్టుంటుంది, సోమవారం ఆఫీసుకెళ్లగానే ఆ ధ్యాసే ఉండట్లేదని రాశారు. నాదీ అదే కథ. మియాపూర్‌లో మెట్రో ఎక్కేసరికే టార్గెట్ల టెన్షన్.

ఇప్పుడు అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు, మెట్ల మీద ఆ తోపులాటలోనే, ‘ప్రభువా, పది గంటల మీటింగంటే భయంగా ఉంది’ అని చెప్పుకుంటాను. అంతే. రమ్మని పిలవను, ఆయన అప్పటికే అక్కడున్నాడు కదా! 139వ కీర్తన 7వ వచనం చూడండి: ‘నీ ఆత్మయొద్దనుండి నేనెక్కడికి పోవుదును?’

17వ శతాబ్దంలో పారిస్ మఠంలో వంట చేసిన బ్రదర్ లారెన్స్ కూడా గిన్నెల చప్పుడు మధ్యే దేవునితో మాట్లాడుకునేవాడు. గంటసేపు ప్రార్థన కుదరలేదని గిల్టీగా ఫీలవకండి (నాకూ రోజూ కుదరదు). మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత తీసేటప్పుడు ఒక్క మాటతో మొదలుపెట్టండి. మర్చిపోతే సాయంత్రం టీ దగ్గర.